ఉన్నత పాఠశాల విద్యార్థులకు మార్గదర్శనము
(తల్లిదండ్రుల వార్షిక సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



ఈ సంవత్సరము మన పాఠశాలలో విద్యార్థులకు సలహాల గది యొకటి ఏర్పరచితిమని మీకందరకు కబురు పంపియుంటిమి. కబురు అందిన మరునాడే ఎనిమిదవ తరగతి బాలుని తండ్రిగారొకరు వచ్చి, "అయివారూ, కౌన్సిలింగని రాసిండారే, మా వానికి ఇంజనీరింగు సీటుకు ఇంకా నాలుగైదేండ్లు ఉంది గదా" అని యడిగిరి. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. మన హొసూరు ప్రాంతమున కౌన్సిలింగనగా కళాశాల సీట్లు పంచు తంతు అనియే అందరును ఎరుగుదురు. వారము గడువక మునుపే ఒక తల్లి వచ్చి, గొంతు తగ్గించి, "మా పాపకు తల చెడిందని చెప్పబోతా ఉండారా?" అని యడిగిరి. ఈ యిద్దరికిని ఆనాడు నిలువుకాళ్లమీద చెప్పిన సమాధానమును నేడు కొంచెము విస్తరించి చెప్పదలచితిమి.

మేము చెప్పు మార్గదర్శనము సీట్ల పంపకము కాదు. పిచ్చికి వైద్యమును కాదు. మరియు అది ఉపదేశము కూడ కాదు. ఉపదేశమునకు మా ఉపాధ్యాయ వర్గమున ఎన్నడును కొదువ లేదు. ప్రతి ఉదయము ప్రార్థన వేళ మేము ఇచ్చుచునే యున్నాము, పిల్లలు విన్నట్లు నిలుచుచునే యున్నారు. సలహాల గదిలో ఈ వరుస తలక్రిందులగును. అచ్చట పిల్లవాడు మాటలాడును, పెద్దవారు విందురు. తనకు ఏది వచ్చును, ఏది రాదు, తన ముందు ఎన్ని దారులున్నవి, ఏ దారికి ఎంత కాలము, ఎంత వ్యయము పట్టును అను సంగతులను తెలిసికొని, అతడే యొక నిర్ణయమునకు వచ్చునట్లు తోడు నిలుచుటయే మా పని.

ఇది నిన్న మొన్న పుట్టిన వేడుక యనుకొనవలదు. 1952లో కేంద్ర ప్రభుత్వము నియమించిన మాధ్యమిక విద్యా సంఘమునకు అధ్యక్షులు అప్పటి మదరాసు విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు. 1953లో ఆ సంఘము సమర్పించిన నివేదికలోనే మార్గదర్శనమునకు ప్రత్యేకముగ చోటు కలదు. అటుపై 1964-66 నాటి కొఠారీ సంఘము, మార్గదర్శనము ప్రాథమిక పాఠశాల చిన్న తరగతుల నుండియే మొదలు కావలెననియు, ఉన్నత పాఠశాలలు పదింటికి కలిపి యొక సలహాదారుడైనను తిరుగుచుండవలెననియు చెప్పినది. పదింటి కొక్కడు! అది కనీసపు ఏర్పాటు. ఆరు దశాబ్దములు గడచినను ఆ పదింటి కొక్కడు మన వంటి భాషాల్పసంఖ్యాకుల పాఠశాల మెట్లెక్కి రాలేదు.

2023లో విశాఖపట్టణమున వైద్య ప్రవేశ పరీక్షకు చదువుచున్న పదునేడేండ్ల బాలిక మరణించగా ఆమె తండ్రి న్యాయస్థానమున కెక్కిరి. ఆ వ్యాజ్యములో 2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హత గల సలహాదారును గాని, మానసిక శాస్త్ర నిపుణుని గాని, సామాజిక కార్యకర్తను గాని ఒక్కరినైనను నియమించుకొనవలెననియు, అంతకంటె చిన్న సంస్థలు వెలుపలి నిపుణులతో సంబంధము ఏర్పరచుకొనవలెననియు ఆదేశించినది. కావున ఈ గది మా సరదా కాదు, సంఘమువారి సరదాయు కాదు.

ఇక మన పిల్లల సంగతికి వత్తము. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము, పుస్తకమున తెలుగు, ప్రకటన బల్లలమీద ఆంగ్లము. పెద్దవారమైన మనకిది గర్వకారణము. పదునాలుగేండ్ల పిల్లవానికి అదే యొక్కొక్కప్పుడు బరువగును. 2006లో చేయబడిన తమిళ అభ్యసన చట్టము ప్రకారము, 2006-07లో ఒకటవ తరగతితో ఆరంభించి ఏటేట ఒక తరగతికి పెంచుచు, తమిళము మొదటి భాగపు పాఠ్యవిషయముగ 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. న్యాయస్థానములు కొన్ని సంవత్సరములు అల్పసంఖ్యాక విద్యార్థులకు మినహాయింపు లిచ్చినవి. 2023లో సుప్రీంకోర్టు ఆ ఏటి పరీక్షకును దానిని పొడిగించినది. ఆ వాదము పెద్దల సభలలో సాగదగినది. మాకు కావలసినది, ఆ పుస్తకము ముందు కూర్చున్న పిల్లవాని మనస్సులో నేమున్నదో తెలియుట.

పదవ తరగతి బాలుడొకడు వారమునకు రెండు దినములు తప్పక బడి మానుచుండెను. తండ్రి గులాబి తోటలో కూలి. ఉదయము నాలుగింటికే పూలకోతకు పోవువాడు. పిలిపించగా వచ్చి, "వానికి చదువు అబ్బలేదు అయివారూ, తోటకు పిలుచుకొని పోతాను" అనెను. హాజరు పట్టికను కాలపట్టికతో సరిచూడగా, బాలుడు మానిన దినములన్నియు తమిళపు పరీక్షల దినములే. సలహాల గదిలో మా ఉపాధ్యాయిని అతనితో తెలుగులోనే నాలుగు దినములు ఊరి మాటలు, ఆటల మాటలు మాటలాడిన పిదప గాని అసలు సంగతి బయటపడలేదు. అతడు ఏడవ తరగతివరకు కుప్పము వైపున చదివి వచ్చినవాడు. తమిళ అక్షరములు కూడబలుక లేడు. బిగ్గరగా చదువుమన్నప్పుడు తోటివారు నవ్విరి. ఆ నవ్వునకు వెరచి తాను రానని చెప్పుకొనుటకును సిగ్గుపడెను. ఇందులో బద్ధకమెక్కడిది? తమిళ అయ్యవారు దినమున కరగంట చొప్పున, ఎవరును లేని వేళ, అక్షరములనుండి మొదలుపెట్టి చెప్పిరి. అర్ధసంవత్సర పరీక్షకు అతడు వచ్చి కూర్చుండెను. మార్కులెన్ని యని మీరడుగుదురు. ఉత్తీర్ణతకు చాలినన్ని, అంతకు మించి కావు. కాని తోటకు పోలేదు.

అదే లక్షణము మరియొక పిల్లవానియందు వేరొక కారణమున పుట్టవచ్చును. తమిళమున మాత్రమే తడబడువానికి లిపి క్రొత్త యని చెప్పవచ్చును. తెలుగున, తమిళమున, ఆంగ్లమున మూడింటను అక్షరములు తారుమారు చేయుచు, నోటితో అడిగిన చక్కగ చెప్పువానికి అభ్యసన లోపము ఉండవచ్చునని అనుమానింపవలెను. బహుభాషా ప్రాంతమున ఈ రెంటికిని తేడా కనుగొనుట కష్టము. అందుచేతనే మన పిల్లలలో ఇట్టివారు మొద్దులను పేరుతో ఏండ్ల తరబడి వెనుక బెంచీలలో మిగిలిపోవుచున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ లోపమును గుర్తించినది. వైద్యుల ధ్రువపత్రమున్నచో పరీక్షలలో అదనపు కాలము, లేఖకుని సహాయము మొదలగు సౌకర్యములు కోరవచ్చును. ఆ పత్రమును పదవ తరగతి మార్చి నెలలో తెచ్చుటకు పరుగెత్తిన ఫలము లేదు, ముందు తరగతులలోనే తేవలెను. మరి కొందరికి ఏ లోపమును లేదు, నల్లబల్ల కానరాదు, అంతే. కండ్ల పరీక్ష చేయించి అద్దములు పెట్టించిన పిదప వెనుక బెంచీ నుండి ముందు వరుసకు వచ్చినవారు మన బడిలోనే యున్నారు.

మాకు మిక్కిలి దిగులు కలిగించునది పదవ తరగతి తరువాతి వేసవి. మన పాఠశాల పదవ తరగతితో ముగియును. అచ్చటినుండి పిల్లలు ఆంగ్ల మాధ్యమమునకో తమిళ మాధ్యమమునకో పోవలసినదే. గణితమున మన బడికే పేరు తెచ్చిన బాలిక యొకతె పదునొకండవ తరగతిలో వేరొకచోట చేరి, ఆగస్టు నెలలో మా యొద్దకు వచ్చి, "అయివారూ, నాకు విషయము తెలుసు, పేరు తెలీదు" అని కండ్ల నీరు పెట్టుకొనినది. ఆ యొక్క మాటలో మన పిల్లల కష్టమంతయు కలదు. మనము కిరణజన్య సంయోగక్రియ యని నేర్పినదానిని తమిళ పుస్తకము ఒళిచ్చేర్కై యనును, ఆంగ్ల పుస్తకము ఫోటోసింథసిస్ అనును. మనము బలమన్నదానిని వారు విసై యందురు. వర్గమూలము మాత్రము ఆశ్చర్యముగ ఇక్కడను అక్కడను వర్గమూలమే. ఆమె పడిన కష్టము చూచి, ఈ సంవత్సరము జనవరి నుండి పదవ తరగతికి శనివారములందు గణిత విజ్ఞాన శాస్త్రముల పదములను మూడు భాషలలో ప్రక్కప్రక్కన వ్రాయించుచున్నాము. ఆ నోటు పుస్తకమును చెత్త కాగితములవానికి వేయవలదని మనవి. జూన్ నెలలో దానితో పని పడును.

దారి ఎంచుకొనుట మరియొక చిక్కు. మన కుటుంబములలో పిల్లవాడు ఏమి చదువవలెనను సంగతి తరచుగ ఏదో పెండ్లి పందిట బావగారి నోట తేలిపోవుచుండును. బావగారి కుమారుడు మొదటి గ్రూపు చదివెను గాన మనవాడును చదువవలెను. యంత్రములు విప్పి బిగించుటయందు ప్రీతి గల పిల్లవానికి మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమా కలదు. డిప్లొమా ముగించినవారు ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగ చేరుటకును వీలు కలదు. ఐ.టి.ఐ. కలదు. మన సిప్కాట్ పారిశ్రామికవాడలో చేతిపని తెలిసినవానికి విలువ యెక్కువని మీలో అచ్చట పనిచేయువారు మా కంటె బాగుగ చెప్పగలరు. పదునెనిమిది నిండగనే ఒప్పందపు కూలికి పోయిన వానికిని, రెండేండ్లు ఆగి పని నేర్చి పోయినవానికిని పదేండ్ల తరువాత జీతములో ఎంత తేడా వచ్చునో ఆ తండ్రులే ఒకనాడు వచ్చి పిల్లలకు చెప్పవలెనని మా కోరిక. ఎనిమిదవ తరగతివారి తల్లిదండ్రులకు ఒక ముక్క: జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్షలో నెగ్గినవారికి తొమ్మిది నుండి పన్నెండవ తరగతివరకు ఏటికి 12,000 రూపాయలు వచ్చును. కుటుంబపు వార్షికాదాయము 3,50,000 రూపాయలకు మించరాదు. ఆదాయ ధ్రువపత్రమునకు ఇప్పటినుండియే తిరుగుడు.

ఆడపిల్లల విషయమున ఒక మాట కొందరికి రుచింపదు, చెప్పక తప్పదు. పదవ తరగతి సెలవులలో పెండ్లి మాటలు మొదలగుచున్నవి. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. సంబంధము మంచిది, చేజారిపోవునని తల్లులు మాతో అనుచున్నారు. మంచి సంబంధమైనచో మూడేండ్లు ఆగును. ఇట్టి సంగతి మా చెవిని పడినచో మొదట మీ యింటికి వత్తుము. మా మాట చెల్లనిచో 1098కి తెలుపుదుము. దీనిని మీరు శత్రుత్వమని తలచినను సరియే.

పిల్లలు సలహాల గదిలో చెప్పినది మీకు చెప్పుదురా యని పలువురు అడిగిరి. సాధారణముగ చెప్పము. తండ్రికి తెలియునన్న భయమున్నచో ఏ పిల్లవాడును నోరు విప్పడు. కాని పిల్లవాని ప్రాణమునకు అపాయము తోచినప్పుడు మీకు వెంటనే తెలుపుదుము. ఎవరైనను బిడ్డపై లైంగిక దౌర్జన్యము చేసినట్లు తెలిసినప్పుడు పోక్సో చట్టము ప్రకారము పోలీసువారికి తెలుపుట మా విధి. చేసినవాడు బంధువైనను, మా బడివాడే యైనను. ఈ రెండు షరతులను పిల్లలకును మొదటినాడే చెప్పియున్నాము.

నెలకు రెండు గురువారములు తెలుగు తెలిసిన నిపుణురాలొకరు బెంగళూరు నుండి వచ్చుటకు అంగీకరించిరి. తక్కిన దినములలో శిక్షణ పొందిన మన ఉపాధ్యాయిని యుందురు. రాత్రి వేళ ఇంట బిడ్డ మాటలు భయము పుట్టించునట్లున్నచో తెల్లవారువరకు వేచియుండవలదు. 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోను చేసిన ఇరువదినాలుగు గంటలును పలుకుదురు, తెలుగులోను మాటలాడవచ్చును. చదువు సంగతులకు తమిళనాడు పాఠశాల విద్యాశాఖవారి 14417 కలదు.

మేము పంపిన అంగీకార పత్రములు కొన్ని సంతకము లేకయే తిరిగివచ్చినవి. కొన్నిటిపై "మా పిల్లకు అక్కరలేదు" అని వ్రాసియున్నది, పిల్ల చేతివ్రాతతోనే. ఆ పత్రములను మరల ముద్రించి మా మేజాపై నుంచినాము. సభ ముగియగనే తీసికొనవచ్చును. చదువుట రానివారికి మా గుమాస్తాగారు చదివి వినిపింతురు. పనికి పోవు తల్లిదండ్రులు ముందుగ మాటలాడ గోరినచో గురువారములందు ఉదయము ఏడున్నరకే గది తెరపింతుము. పిల్లవానిని వెంట తీసికొనిరండు. తండ్రితోపాటు తల్లియు వచ్చిన మరియు మంచిది.