ఆగమన కాలము - ఆనందము



క్రిస్మసు పండుగనుగూర్చి తెలియనివారు మన పల్లెలలో అరుదు. నక్షత్రాకారముగల కాగితపు దీపములు, తెల్లవారుజామున వీధులవెంట పాడుచు వచ్చు గుంపులు, పిండివంటలు, ఇవియన్నియు మీరెరిగినవే. కాని ఆ పండుగకు ముందు నాలుగు ఆదివారములతో గూడిన కాలమొకటి కలదు. దానిని ఆగమన కాలమందురు. నవంబరు 30వ తేదీకి మిక్కిలి సమీపమున వచ్చు ఆదివారముతో అది మొదలగును. కొన్ని క్రైస్తవ సంఘములవారు దీనిని ప్రత్యేకముగా పాటింపరు. పాటించువారు ఆరాధన బల్లపై ఊదారంగు వస్త్రమును పరతురు. అది పశ్చాత్తాపమునకు గురుతు. పూర్వకాలమున పాశ్చాత్య సంఘములలో ఇవి ఉపవాస దినములు.

అట్టి దినములలో ఆనందమునకు తావెక్కడ? ఆశ్చర్యమేమనగా, ఈ కాలమునందలి మూడవ ఆదివారమునకు ఆనందమే విషయము. ఆ దినమున కొన్ని దేవాలయములలో ఊదారంగు తీసి గులాబిరంగు నుంచుదురు. పౌలు ఫిలిప్పీ పట్టణపు క్రైస్తవులకు వ్రాసిన పత్రికనుండి ఆనాడు చదువుదురు. ఆ చిన్న పత్రికలో సంతోషమను మాట పదేపదే వచ్చును. దానిని వ్రాయునప్పటికి పౌలు సంకెళ్లలో నుండెను. యాకోబు పత్రికలో తొలకరివానకును కడవరివానకును ఓర్పుతో కాచుకొనియుండు కృషీవలుని దృష్టాంతము కలదు. దానిని మీకు నేను వివరింప నక్కరలేదు. విత్తు చల్లినవాని యెదురుచూపు వేరు, చల్లనివాని యెదురుచూపు వేరు.

ఈ మాటలు చదివి అప్పగించుట సులభమే. నేను వీనిని అప్పగింపలేకపోయిన యేడు ఒకటి కలదు.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినది. ఆ తుపానులో 10,000 మందికి పైగా మరణించిరి. కోతకు వచ్చిన సార్వా చేలలో ఉప్పునీరు నిలిచెను. మా గ్రామము సముద్రమునకు కొంత యెడముగా నుండుటచే మేము బ్రతికితిమి. అప్పుడు నాకు పాతికేండ్లు, బడిలో ఉపాధ్యాయుడను. మా చిన్న గుడిలో ఆదివారములందు వాక్యము చదివి నాలుగు మాటలు చెప్పుట నా పని. ఉప్పెన వచ్చిన యెనిమిదవనాడే, అనగా నవంబరు 27వ తేదీన, ఆగమన కాలపు మొదటి ఆదివారము. పెంకులెగిరిపోయిన గుడిలో, ఆకాశము క్రింద, పదునైదుగురము కూర్చుంటిమి. ప్రభువు రాక కొఱకు ఎదురుచూడవలెనని చదివితిని.

వెనుక కూర్చున్న ఒక వృద్ధురాలు లేచెను. మేమందరము ఆమెను మామ్మయని పిలుచువారము. ఆమె కుమారుడును కోడలును సముద్రపుటొడ్డు పల్లెలో కాపురముండి కొట్టుకొనిపోయిరి. "ఎవరి కోసం ఎదురుచూడమంటావు నాయనా? మొన్న వచ్చింది సముద్రమే గదా!" అని యడిగెను. నేను పుస్తకము మూసితిని. నాకు జవాబు లేకపోయెను. నాటికిని నేటికిని లేదు. విద్వాంసులు చెప్పు సమాధానములను పిమ్మట చదివితిని. వానిని నేను కాదనను గాని, ఆమె యెదుట నిలిచి చెప్పు ధైర్యము నాకు లేదు.

ఆ వారములో ఆమె ఒక ఐదేండ్ల పిల్లను ఇంటికి తెచ్చుకొనెను. ఆ పిల్ల తుమ్మచెట్టు కొమ్మలలో చిక్కుకొని బ్రతికినది. ఆమెకు మరి యెవ్వరును మిగులలేదు. ఊరి వారును, మతభేదము లేక బయటనుండి వచ్చినవారును గంజి కాచి పోయుచుండిరి. మామ్మ తన గంజిలో సగము ఆ పిల్లకు పెట్టుచుండెను. పిల్లకు గతయేటి క్రిస్మసు కొత్తగౌను జ్ఞాపకమున్నది గాబోలు, పండుగ ఎప్పుడని ప్రతిదినము అడుగుచుండెను. మామ్మకు ఆ యేడు పండుగ చేయు మనసు లేదు. అయినను పండుగ లేదని ఆ పిల్లతో చెప్పుటకు నోరు రాలేదు. మట్టిగోడపై బొగ్గుతో దినమున కొక గీత గీయసాగెను, ఆదివారమునకు పెద్దగీత.

డిసెంబరు 11వ తేదీన మూడవ ఆదివారము వచ్చినది. నేను ఆనందమునుగూర్చి చెప్పవలెను. నోరెండిపోవుచుండెను. పిల్ల తలకు నూనెరాచి జడవేసి మామ్మ ముందు వరుసలో కూర్చుండబెట్టినది. పాట నడుమ ఆ పిల్ల పండుగ కెన్ని గీతలున్నవో వ్రేళ్లపై పైకే లెక్కించుచు, లెక్క తప్పి, మరల మొదలుపెట్టి, మరల తప్పెను. మామ్మ నవ్వెను. వెంటనే కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, దొంగతనము చేసినదానివలె నలువైపుల చూచెను. ఆరాధన పిమ్మట నాయొద్దకు వచ్చి, "నవ్వు వచ్చింది నాయనా, తప్పా?" అని యడిగెను. తప్పుకాదు మామ్మా అంటిని. ఆనాటి నా ప్రసంగములో పనికివచ్చిన మాట అదియొక్కటే.

ఆమె దుఃఖము తీరలేదు, తగ్గనులేదు. అది యుండగనే దాని ప్రక్కను ఆ నవ్వు వచ్చి కూర్చున్నది. ఆగమన కాలపు ఆనందమనగా నేను గ్రహించినది అంతమాత్రమే. మేము ఎదురుచూచువాడు సత్రములో చోటులేక పశువుల తొట్టిలో పరుండబెట్టబడినవాడు. పసితనముననే తలిదండ్రులతో పరదేశమునకు పారిపోయినవాడు. బురద నిండిన ఊరికి వచ్చుటకు అట్టివాడు వెనుదీయునా యని నాకు ఆనాడే మొదటిసారి తోచెను.

పెక్కేండ్లకు ఒక సంగతి చదివితిని. జర్మను దేశమునందలి హాంబుర్గు పట్టణమున విఖెర్న్ అను బోధకుడు బీదపిల్లల కొక ఆశ్రమము నడిపెను. పండుగ ఎప్పుడని ఆ పిల్లలు దినదినము అడుగుచుండగా, 1839లో ఆయన ఒక పాత బండిచక్రమును తెచ్చి, నాలుగు ఆదివారములకు నాలుగు పెద్ద క్రొవ్వొత్తులను, తక్కిన దినములకు చిన్నవానిని దానిపై నిలిపి, దినమున కొకటి వెలిగించెనట. నేటి ఆగమన దీపవలయములకు అదియే మొదలందురు. అది చదివినప్పుడు మామ్మ గోడ నా కన్నులకు కట్టినది. ఆమె ఆయన పేరు వినియుండదు. క్రొవ్వొత్తులు కొనుటకు ఆ యేడు మాలో ఎవరియొద్దను కాసు లేదు.

మరుసటి సంక్రాంతికి ఊరిలో అందరును గోడలు అలికి సున్నము వేసిరి. మామ్మయు వేసెను గాని, ఆ బొగ్గుగీతలున్న మూలను మాత్రము ముట్టనీయలేదు.