జ్వాలాపురం బూడిద

పాటలు వినడానికి గానసభకు వచ్చే చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాళ్లు ఈ సాయంత్రం బూడిద గురించి వినడానికి వచ్చారు. నాకు చాలా సంతోషం.

నంద్యాల జిల్లాలో బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అని ఒక ఊరుంది. అక్కడ జుర్రేరు లోయలో నేల తవ్వితే తెల్లగా, మెత్తగా ఒక పొర బయటపడుతుంది. చూడగానే సున్నం అనుకుంటాం. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలై, సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అది. వానలు చుట్టుపక్కల పడినదాన్ని కూడా లోయలోకి కడిగి, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మేట వేశాయి. ఆ మేట కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి, దాదాపు ఒకే తీరువి. రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాలియా బృందం 2007లో ఈ సంగతి ప్రకటించింది. అంత బూడిద కురిశాక కూడా అక్కడ మనుషుల బతుకు సాగిందని వాళ్ల వాదన. పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నేను మాత్రం నమ్ముతున్నాను.

మన కాలానికి వద్దాం. సుమత్రా ఉన్న ఇండోనేషియాలోనే 2010లో మెరాపి అగ్నిపర్వతం పేలి మూడు వందల మందికి పైగా చనిపోయారు. ఇళ్లూ ఆవులూ పోయిన పల్లెవాళ్లు యాత్రికులను జీపుల్లో ఆ బూడిద మేటల మధ్య తిప్పి నిలదొక్కుకున్నారు. కాలిన ఇంటిని, కరిగిన గడియారంతో సహా, అలాగే ఉంచి చూపిస్తున్నారు. కానీ కొండ మళ్లీ ఉరిమితే దారులు మూస్తారు. ఆ రోజు జీపు కదలదు, పొయ్యి వెలగదు.

దూరం నుంచే ఆ ఊరిని చూపించే వర్చువల్ రియాలిటీ పనికొచ్చేది అప్పుడే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకు వెళితే తెర మన ఎదుట ఉంటుంది. వర్చువల్ రియాలిటీ కళ్లజోడు పెట్టుకుంటే తెర లోపల మనముంటాం. తల తిప్పితే కాలిన గోడ, వెనక్కి చూస్తే కొండ, చెవిలో ఆ ఊరి మనిషి గొంతు. ఈ ప్రదర్శన టికెట్ డబ్బు ఆ మనిషి చేతికి అందాలి. అందకపోతే దాన్ని సాయమని నేను ఒప్పుకోను.

మళ్లీ జ్వాలాపురానికి వద్దాం. అక్కడి బూడిదను ఏళ్లుగా తవ్వి, అంట్లు తోమే పొడుల తయారీకి అమ్మారు. తవ్వినవాళ్లను తప్పుపట్టను, అది వాళ్ల కూలి. కానీ పోయిన పొర తిరిగి రాదు. మిగిలినదాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి త్రీడీలో భద్రపరిస్తే, యాగంటికీ బెలుం గుహలకూ వచ్చేవాళ్లకు ఇలాగే చూపవచ్చు. చూపించే ఉద్యోగం ఆ ఊరి యువతకే ఇవ్వాలి.

ఈ సభలో నంద్యాల వైపువాళ్లు ఉంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు జ్వాలాపురం వెళ్లండి. పొరను తాకకుండా ఫోన్‌తో ఫొటోలు తీయండి. తవ్వినవాళ్లను అడిగి, వాళ్ల మాటలు కూడా రికార్డు చేసి తీసుకురండి.