డెలివరీ బ్యాగులో అన్నీ పెట్టా, ఒక్క ఫైల్ తప్ప!

డెలివరీకి హాస్పిటల్ బ్యాగు ఎలా సర్దుకోవాలో చెప్పమని చాలామంది అడిగారు. లిస్టు చెప్తాను. కానీ ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశానని మీకు తెలుసు కదా. మొదటి కాన్పు కాబట్టి ఎనిమిదో నెలలో పుట్టింటికి వచ్చేశాను. మాది గుడిబండ. మడకశిర దాటి లోపలికి, కర్ణాటక సరిహద్దు పక్కన. వచ్చీ రాగానే ఎక్సెల్ షీట్ తెరిచి 38 వస్తువుల లిస్టు తయారుచేశా. కొత్త గౌన్లు, క్రీములు, ఇయర్‌ఫోన్లు, ఫొటోల కోసం ఓ మంచి డ్రెస్సు కూడా.

మా అవ్వ చూసి, "ఏమ్మే, బిడ్డ భూమ్మీద పడకముందే కొత్త గుడ్డలు కొంటారా ఎవరన్నా?" అంది. నేను నవ్వేశా.

ఓ రాత్రి ఒంటిగంటకు ఉమ్మనీరు పోయింది. అమ్మ, తమ్ముడు, నేను కారులో మడకశిర మీదుగా హిందూపురం బయల్దేరాం. ఆస్పత్రిలో నర్సమ్మ అడిగిన మొదటి మాట: "ఫైలేదమ్మా?"

బ్యాగంతా తిరగేశాం. గౌన్లున్నాయి, క్రీములున్నాయి. ఫైల్ బెంగళూరులో మా ఇంటి బీరువాలో ఉంది. ఫోన్ చేస్తే మా ఆయన అప్పటికే ఇంటికి తాళం వేసి దొడ్డబళ్లాపుర దాటేశాడు.

"బ్లడ్ గ్రూపు?" ఓ నెగెటివ్ అన్నా. "ఏడో నెలలో యాంటీ-డి ఇంజెక్షన్ వేశారా?" "వేశారనుకుంటా" అన్నా.

అనుకుంటా! ఆఫీసులో ఎవరైనా "టెస్ట్ చేశాననుకుంటా" అంటే ఊరుకునేదాన్ని కాదు. నా ఒంటి విషయంలో నేనే ఆ మాట అన్నా.

అది ఎందుకంత ముఖ్యమో చెప్తా. తల్లిది నెగెటివ్, తండ్రిది పాజిటివ్ అయితే బిడ్డది పాజిటివ్ కావచ్చు. కాన్పులో బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలిస్తే, తల్లి ఒళ్లు దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఈ బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు, తర్వాతి కాన్పులో బిడ్డకు ప్రమాదం. అందుకే 28 వారాలప్పుడు ఓసారి, బిడ్డది పాజిటివ్ అని తేలితే పుట్టిన 72 గంటల్లోపు ఇంకోసారి యాంటీ-డి వేస్తారు. పైగా నెగెటివ్ రక్తం అడిగిన వెంటనే దొరకదు.

పరీక్షలన్నీ మళ్లీ చేశారు. మా తమ్ముడు ఆ అర్ధరాత్రి ఫ్రెండ్స్‌ని నిద్రలేపి "ఎవరిదన్నా నెగెటివ్ ఉందా మచ్చా?" అని అడుగుతూనే ఉన్నాడు. తెల్లారుజామున పాప పుట్టింది. రక్తం ఎక్కించే అవసరం రాలేదు. పాపది పాజిటివ్, టైముకే ఇంజెక్షన్ వేశారు. కానీ నొప్పుల కంటే ఆ "అనుకుంటా" నాకు ఎక్కువ గుర్తుంది.

సరే, ఇప్పుడు లిస్టు. 36వ వారానికల్లా సర్దేయండి. తలుపు దగ్గర పెట్టండి, అటక మీద కాదు.

మొదటిది, ఫైల్. తల్లీబిడ్డ కార్డు, స్కానింగులు, రక్త పరీక్షలు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్. అన్నీ ఒకే కవర్లో. ప్రతి పేజీకీ ఫొటో తీసి మీ ఫోన్లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో ఉంచండి. బ్లడ్ గ్రూపు, పడని మందులు, వేసుకునే మందులు ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాయండి.

రెండోది, అమ్మకు. ముందు తెరుచుకునే నైటీలు మూడు, లోదుస్తులు, పెద్ద సైజు ప్యాడ్లు, తువ్వాళ్లు, చెప్పులు, సబ్బు, బ్రష్. ఫ్లాస్కు, గ్లాసు, ఛార్జర్. తోడు ఉండేవాళ్లకు ఒక దుప్పటి.

మూడోది, బిడ్డకు. ఇక్కడ మా అవ్వే గెలిచింది. నా కొత్త గౌన్లు గరుకు, పైగా ఉతకనివి. ఆమె తన పాత నూలు చీర చింపి, ఉతికి, ఎండలో ఆరేసి మడిచి పెట్టింది. పాపను తుడిచిందీ చుట్టిందీ అందులోనే. కొత్తవి కొనకూడదు అనే ఇల్లైతే గొడవ పడకండి, పాతవే ఉతికి పెట్టుకోండి. ఒక టోపీ, మేజోళ్లు చాలు.

పెట్టకూడనివి: పాలసీసా, పాలపొడి, తేనె, కాటుక. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, పెద్దవాళ్లకు నెమ్మదిగా ముందే చెప్పుకోండి. మొదటి రోజు స్నానం కూడా వద్దు.

ఇక బ్యాగులో పట్టని మూడు విషయాలు. ఏ బండి? తోడు ఎవరు? రక్తం అవసరమైతే ఇచ్చేదెవరు? ఇద్దరి పేర్లు, నంబర్లు రాసి ఫైల్లో పెట్టండి. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, నొప్పులు వచ్చేదాకా ఆగొద్దు.

సరిహద్దు ఊళ్ల వాళ్లకు ఒక మాట. 108 సర్వీసు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది, ఇప్పుడు కర్ణాటకలోనూ అదే నంబరు. మన ఫోన్లేమో ఒక్కోసారి అటువైపు టవర్ పట్టుకుంటాయి. పైగా చిక్కబళ్లాపుర జిల్లాలో గుడిబండె అని ఇంకో ఊరుంది! అందుకే ఫోన్ ఎత్తగానే "ఆంధ్రప్రదేశ్, శ్రీ సత్యసాయి జిల్లా, గుడిబండ మండలం" అని చెప్పి, ఆ తర్వాతే ఊరు పేరు చెప్పండి.

డబ్బు సంగతి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కింద సర్కారు ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం ఉచితం. మాతృవందన కింద అర్హులకు మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, అందుకే ఆధార్, పాస్‌బుక్ పెట్టుకోమన్నా. 21 రోజుల్లోపు జననం నమోదు చేయించండి, ఫీజు ఉండదు.

ఈ వీడియో చూస్తున్న మగవాళ్లూ, ఇది మీక్కూడా. ఆ టైములో ఆమె నోట మాట రాకపోవచ్చు. ఆమె బ్లడ్ గ్రూపు ఏంటి? ఫైల్ ఎక్కడుంది? ఇప్పుడే చెప్పగలరా? "అనుకుంటా" అని వస్తే, వీడియో ఆపి, వెళ్లి ఫైల్ వెతకండి.

ఉంటాను, మళ్లీ కలుద్దాం.