స్ప్రేయరును మూల పెట్టే ముందు



పత్తిలోనో మిరపలోనో పురుగు కనబడిన నాడు తైవాన్ స్ప్రేయరు బయటకు తీస్తాము. చెయ్యి నొప్పెట్టేదాకా తాడు లాగినా ఇంజను పలకదు. మెకానిక్కు తీరిక దొరికేసరికి నాలుగు రోజులు. పురుగు మనకోసం ఆగుతుందా? ఈ చిక్కు చాలావరకు కిందటి పంట చివర, యంత్రాన్ని మూల పెట్టిన నాడే మొదలవుతుంది.

కారణం వినండి. ఈనాటి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాల్ ఉంటున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు చెడి, కార్బురేటరులో జిగురు కట్టి, సన్నని రంధ్రం పూడిపోతుంది.

కనుక ఆఖరుసారి మందు కొట్టగానే టాంకును మంచినీళ్లతో మూడుసార్లు కడగండి. ఆ నీళ్లు బావిలోకీ కాలువలోకీ పోరాదు. నాజిల్‌ను నోటితో ఊదకండి, అది విషం. మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయండి. తరువాత ఇంజనులోని పెట్రోలు వంపేసి, మందు టాంకులో మంచినీళ్లు ఉంచి, ఇంజను తనంతట తాను ఆగేవరకు ఆరుబయట నడపండి. నీళ్లు లేకుండా నడిపితే పంపు వాషర్లు అరిగిపోతాయి. నీళ్లన్నీ వంపి, ఎలుకలు చేరని పొడిచోట పెట్టండి.

మళ్లీ తీసినప్పుడు కొత్త పెట్రోలే పోయాలి. టూ-స్ట్రోక్ ఇంజనైతే ఆయిలు కలపాలి. యంత్రం పుస్తకంలో 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఫోర్-స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో ఆయిలు కలపరాదు.

అప్పటికీ పలకకపోతే, చల్లారిన ఇంజను నుంచి స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. దగ్గర బీడీ, నిప్పు ఉండరాదు. ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. తుడిచి ఆరబెట్టి, చోక్ తెరిచి మళ్లీ లాగండి. పొడిగా ఉంటే పెట్రోలు అందటం లేదు. కాక్, ఫిల్టరు, ఆపైన కార్బురేటరు వరుసగా చూడాలి. మసి పట్టి ఉంటే తీగ బ్రష్షుతో గీకండి. గాలి ఫిల్టరు స్పాంజిదైతే సబ్బునీళ్లలో పిండి, ఆరిన తరువాతే బిగించండి.

ఇంతకు మించినది మెకానిక్ పని. పంట చివర అరగంట ఓపిక పడితే, పురుగు పడిన నాడు యంత్రం మన మాట వింటుంది.