ఊరివారి వివరములు – పంచాయతీ బాధ్యత
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

ప్రచారము నా ఉద్యోగము. కావున ప్రకటనలను గురించి కొంత చనువుతో మాట్లాడుదును. మన గ్రామములలో దండోరా వేసి చెప్పిన మాటను ఊరంతయు ఒక్కసారే వినెడిది. దానిని వేయించినది ఎవరో అందరికిని తెలిసెడిది. అందులో అబద్ధమున్నచో సాయంకాలమునకు రచ్చబండ దగ్గర తేలిపోయెడిది. సెల్‌ఫోనులో వచ్చు ప్రకటన అట్టిది కాదు. ఒకే ఇంటిలో తండ్రికి ఒకటి, కుమారునికి వేరొకటి కనబడును. నాకు వచ్చినది మీకు రాదు. కనుక అందులో మోసమున్నను పొరుగువాడు చూచి హెచ్చరించుటకు వీలు లేకపోయినది.

మనము ఫోనులో ఏమి వెదకితిమి, ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగితిమి, ఏ ఊరిలో నున్నాము అను సంగతులను కంపెనీలు కూడబెట్టుకొనును. పత్తి పురుగును గురించి వెదకిన రైతుకు మరునాడు పురుగు మందుల ప్రకటనలు వచ్చుట అందువలననే. ఫేస్‌బుక్కు, వాట్సాపు నడుపుచున్న మెటా కంపెనీకి 2023లో సుమారు 13,490 కోట్ల డాలర్ల ఆదాయము వచ్చినది. అందులో నూటికి 97 పాళ్లకు మించి ప్రకటనల సొమ్మే. ప్రకటన యనగానే దోషమని నేననను. అన్నచో నా ఉద్యోగమునకే ముప్పు. చెప్పువాడెవడో మనకు తెలియక, మన అవసరము మాత్రము వానికి తెలిసియుండుటయే చిక్కు.

ఈ చిక్కు ఎంత దూరము పోగలదో 2020లో తెలంగాణ చూచినది. కరోనా దినములలో పనులు పోయినవారి ఫోనులకు, నిమిషములలో అప్పు ఇత్తుమను ప్రకటనలు వచ్చినవి. యాప్‌ను ఫోనులో చేర్చుకొనగానే అందులోని పేర్లు, నంబర్లు, ఫోటోలు చూచుటకు అది అనుమతి అడిగినది. చాలమంది చదువకయే సరే యనిరి. వాయిదా తప్పినంతనే వసూలుదారులు బాకీదారుతో ఆగక, వాని బంధువులకును స్నేహితులకును ఫోనులు చేసి వానిని దొంగ యని చాటిరి. ఆ అవమానము భరింపలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. ఆ డిసెంబరులో పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేసిరి. అప్పులిచ్చు యాప్‌లు ఫోనులోని నంబర్ల జోలికి పోరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిర్దేశించినది. ఈ నియమము బ్యాంకుల తరఫున, గుర్తింపు గల ఫైనాన్సు కంపెనీల తరఫున నడచు యాప్‌లకే. దొంగ యాప్‌కు నియమమెక్కడిది?

ఇంతవరకు పరుల మాట చెప్పితిని. ఇక మన కార్యాలయపు మాట వినుడు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ ఒక నివేదిక ప్రకటించినది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి యుండవచ్చునని అందులో అంచనా వేసిరి. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఏ దొంగయు తాళము పగులగొట్టలేదు. లబ్ధిదారుల జాబితాలతో పాటు ఆ నంబర్లను శాఖలవారే అందరికిని కనబడునట్లు ఉంచిరి. ఆధార్ నంబరును బహిరంగముగా ప్రదర్శింపరాదని 2016 నాటి ఆధార్ చట్టము అప్పటికే చెప్పుచున్నది.

పంచాయతీ గోడమీది జాబితా కూడ అట్టిదే. అందులో పేరు, పథకము, ఇచ్చిన మొత్తము ఉండవలెను. ఎవరికేమి ముట్టినదో ఊరివారు చూడవలసినదే. గోప్యత పేరు చెప్పి జాబితానే దాచువాడుండిన, వానిని నేను మొదట అనుమానింతును. కాని ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు ఆ కాగితముమీద ఎవరి మేలు కొరకు?

పింఛనుల విషయము మరింత సున్నితమైనది. మన రెండు రాష్ట్రములలోను ఎయిడ్స్ వ్యాధిగ్రస్తులకు పింఛను ఇచ్చుచున్నారు. పేరు ప్రక్కన పింఛను రకము వ్రాసి గోడకు అంటించినచో, ఆ కుటుంబము బావి దగ్గరను, బడి దగ్గరను ఎట్టి చూపులను ఎదుర్కొనవలెనో మీకు నేను చెప్పనక్కరలేదు. అట్టి జాబితాను ఫోటో తీసి ఊరి వాట్సాపు గ్రూపులో పెట్టినచో దానిని మరల వెనుకకు తీసికొనుట ఎవరి తరమును కాదు. ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని వారి సమ్మతి లేకుండ వెల్లడించుటను 2017 నాటి చట్టము నిషేధించినది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఆ సంవత్సరమే ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. పింఛను మంజూరు కాగితము మన చేతికి వచ్చినది డబ్బు ఇప్పించుటకే. ఆ తల్లి మనలను నమ్మి తన జబ్బును చెప్పుకొన్నది.

దరఖాస్తులతో వచ్చు ఆధార్ జిరాక్సులను బీరువాలో పెట్టి తాళము వేయుడు. పని ముగిసినవానిని పొట్లములకు పోనీయకుడు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతి కూడ దొరకును; నియమము ఒప్పుకొన్నచోట దానినే అడుగుడు. వేలిముద్రలకు నకళ్లు చేసి ఇతరుల ఖాతాలనుండి డబ్బు తీసిన కేసులు జరిగినవి కనుక, ఆధార్ వెబ్‌సైటులో వేలిముద్రలకు తాళము వేసికొను ఏర్పాటును గురించి గ్రామసభలో తెలుపుడు. రేషనుకో పింఛనుకో వేలిముద్ర వేయవలసిన దినమున ఆ తాళము తీయవలసి యుండును. ముసలివారికి ఈ సంగతి ముందే చెప్పవలెను. ఎవరి డబ్బైన మోసముచే పోయినచో సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది డబ్బు చేతులు మారిపోవును.

మీ మీ కార్యాలయములలో నేడు గోడకున్న కాగితములను తలచుకొని, వానిని గురించి సందేహములున్నచో ఇప్పుడు అడుగవచ్చును.