బిడ్డ జబ్బుకు తల్లిని ముద్దాయిని చేయొద్దు

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నేను తిరిగిన పల్లెల్లో, బిడ్డకు మతి చెదిరిందంటే ముందు వినిపించే మాట "తల్లి పోలిక". కోడలి పుట్టింట్లో ఎవరికి పిచ్చి ఉందో ఆరా తీస్తారు. ఆ వంకతోనే ఆమెను పుట్టింటికి తోలేస్తారు. దీనికి సైన్సు ఏం చెబుతోంది?

మానసిక జబ్బుల్లో వారసత్వం పాత్ర ఉంది. కానీ జన్యువులు తల్లి నుంచే రావు, తండ్రి నుంచి కూడా వస్తాయి. పైగా ఏ జన్యువు ఎంత పనిచేయాలో నియంత్రించే రసాయన గుర్తులు ఉంటాయి. వాటిని గురించి చెప్పేదే ఎపిజెనెటిక్స్. మెదడు రూపుకట్టే దశలో తిండి, భయం, ఆదరణ ఈ గుర్తుల్ని మార్చగలవు.

1944-45 చలికాలంలో జర్మనీ ఆక్రమణదారులు ఆహారం అడ్డుకోవడంతో పశ్చిమ నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడింది. ఆ ఆకలి ముదిరినప్పుడు కడుపున పడ్డవాళ్ళలో స్కిజోఫ్రేనియా దాదాపు రెండింతలు కనిపించింది. ఆ కాలంలో కడుపున పడ్డవాళ్ళకూ వాళ్ళ తోబుట్టువులకూ, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీది గుర్తుల్లో అరవై ఏళ్ళ తర్వాత కూడా తేడా ఉందని 2008లో తేలింది. ఆ తల్లుల నోటికాడి కూడు లాక్కున్నది యుద్ధం.

కెనడా శాస్త్రజ్ఞులు 2004లో ఎలుకల మీద ఇంకో సంగతి చూపారు. పిల్లల్ని అంతగా నాకి సాకని తల్లికి పుట్టినవి కూడా, బాగా సాకే తల్లి దగ్గర పెరిగితే వాటి గుర్తులు మారాయి. అంటే ఇది చెరగని నుదుటిరాత కాదు.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. నిన్న "నీ వంశం" అన్నవాళ్ళే రేపు "కడుపుతో ఉండి ఏడ్చావు, అందుకే" అంటారు. ఏడిపించిందెవరు? నెలలు నిండినా శెనక్కాయలు పెరకడానికి పంపిందెవరు? అందరూ తిన్నాక మిగిలిందే ఆమెకు పెట్టిందెవరు?

2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి అంగన్‌వాడీ భోజనాన్ని హక్కుగా ఇచ్చింది. 2005 గృహహింస చట్టం మానసిక హింసను కూడా హింసేనంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఆసుపత్రిలో చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదు.

గర్భిణి ఇంటికి వెళ్ళినప్పుడు ఏం తింటోంది, ఎంత పని చేస్తోంది, ఎవరికి భయపడుతోంది అని అడుగుదాం. ఆ జవాబులతో కుటుంబాన్నీ ప్రభుత్వాన్నీ నిలదీద్దాం.