సేవాభావం ఉంది, సేవా పాలన నేర్చినవారేరీ?

డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థినీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, మస్జిద్ కమిటీల బాధ్యులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



మన సమాజంలో ఇచ్చే చేతులకు కొరత లేదు. రంజాన్ మాసంలో జకాత్, ఫిత్రా పంపిణీ జరుగుతుంది. పేదింటి పిల్ల నికాహ్‌కు నలుగురూ తలా కొంత వేసుకుంటారు. అయినా ఆ వీధిలోనే వితంతు పింఛను అందని తల్లి ఉంటుంది, స్కాలర్‌షిప్ దరఖాస్తు తిరస్కరణకు గురైన విద్యార్థి ఉంటాడు. కారణమడిగితే "మనవాళ్ళకు ఇవ్వరండీ" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాము. వివక్ష లేదని మేము అనడం లేదు. కాని చాలా కాగితాలు ఏ అధికారి బల్లపైకీ చేరకముందే ఆగిపోతున్నాయి. పదో తరగతి మెమోలో "ఎస్.కె. కరీమున్", ఆధార్‌లో "షేక్ కరీమున్నీసా", బ్యాంకు పాసుపుస్తకంలో "కరీమున్ బేగం". మనిషి ఒక్కరే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు. ఈ చిక్కును ఏ కార్యాలయంలో ఏ క్రమంలో విప్పాలో, ఒక్క ఇంటికి కాక వంద ఇళ్ళకు ఒకేసారి ఎలా విప్పాలో తెలిసినవారు మనలో ఎందరున్నారు?

ఆ పని నేర్పే చదువు ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాలలో దీనిని హ్యూమన్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే పేరుతో విడిగా బోధిస్తారు. మన దేశంలో ఎక్కువగా రెండేళ్ళ ఎం.ఎస్.డబ్ల్యూ.లో సంక్షేమ పాలన అనే భాగంగా చెబుతారు. ఈ చదువు మన దేశంలో ఎక్కడ పుట్టిందో వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1936లో బొంబాయిలోని నాగ్‌పాడాలో, ముస్లిములూ యూదులూ ఇతర శ్రామిక కుటుంబాలూ కలిసి బ్రతికిన పేటలో, ఒక సేవాకేంద్రం ఆవరణలో సర్ దోరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ప్రారంభమైంది. దానికి తొలి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్‌షార్ట్. అదే 1944లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. మన పేటల నడుమ మొదలైన చదువు మన ఇళ్ళకు మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.

ఇందులో ఏమి నేర్పుతారు? వ్యక్తితో, బృందంతో, బస్తీతో పనిచేసే పద్ధతులు, సర్వే చేయడం, సంక్షేమ చట్టాలు, ఒక సంస్థకు బడ్జెటు వేయడం, సిబ్బందిని నియమించడం, లెక్కలు అప్పగించడం. తరగతి గదితో పాటు వారంలో కొన్ని రోజులు ఆసుపత్రిలోనో, బాలల గృహంలోనో, మురికివాడలోనో క్షేత్ర శిక్షణ తప్పనిసరి.

ఇది మన హక్కులకు ఎలా అక్కరకు వస్తుందో ఒక్క పథకంతో చెబుతాము. 2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక ఇచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 13.4 శాతమున్న ముస్లిములు ఐ.ఎ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం మాత్రమేనని అది తేల్చింది. ఆ అంకెలు మనందరికీ కంఠస్థమే, సభలలో చెబుతూనే ఉన్నాము. తరువాత జరిగినది మాత్రం కొద్దిమందే గమనించారు. 2008-09లో అల్పసంఖ్యాకుల జనాభా ఎక్కువగా ఉన్న 90 జిల్లాలకు బహుళరంగ అభివృద్ధి కార్యక్రమం వచ్చింది. అందులో ప్రమాణం జిల్లా. అంటే ఆ జిల్లాలో అంగన్‌వాడీ భవనం ఎక్కడ కట్టినా పథకం అమలైనట్టే లెక్క. మన పేటకు ఒక్క ఇటుక రాకపోయినా నియమోల్లంఘన కాదు. ఈ లోపాన్ని క్షేత్రంలో తిరిగి, లెక్కలు తీసి, నివేదికలు వ్రాసినవారు ఎత్తిచూపారు. 2013లో ప్రమాణం జిల్లా నుండి బ్లాకుకు, పట్టణానికి దిగింది. 2018లో ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమంగా పేరు మారినప్పుడు, గ్రామ సముదాయాల ఎంపికకు కావలసిన అల్పసంఖ్యాక జనాభా వాటా 50 శాతం నుండి 25 శాతానికి తగ్గింది. నినాదంలో కనిపించని మార్పులివి, కాని బడి గది ఎవరి వీధిలో లేస్తుందో నిర్ణయించేవి ఇవే. ఈ పథకంలో ప్రతిపాదన జిల్లా కమిటీ దగ్గర మొదలవుతుంది. అక్కడికి మన పేట జనాభా, బడి మానేసిన పిల్లల సంఖ్య, అందుబాటులోని స్థలం వివరాలు పట్టుకొని వెళ్ళేవారు లేకుంటే, ఢిల్లీలో ఎంత మంజూరైనా మనకు చేరదు.

మరొక విషయం తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉండాలి. అధ్యక్షులు, మరి నలుగురు సభ్యులు, వారిలో కనీసం ఒకరు మహిళ. సభ్యత్వానికి అర్హత కలిగించే చదువులలో సోషల్ వర్క్ ఒకటి, దానితో పాటు బాలల రంగంలో ఏడేళ్ళ అనుభవం కావాలి. మదరసాలలో చదువుకోవడానికి రైలెక్కిన పిల్లలను దారిలో దింపి ఇటువంటి కమిటీల ముందు నిలబెట్టిన ఉదంతాలు దేశంలో జరిగాయి. ఆ బల్లకు అవతలివైపు మదరసా అంటే ఏమిటో తెలిసినవారు ఒక్కరైనా కూర్చోవాలంటే, ఈనాడు డిగ్రీ ముగించిన మన అమ్మాయి ఇప్పుడే ఈ చదువులో చేరాలి. బస్తీలకూ ఆసుపత్రులకూ పంపడానికి మీరు సంకోచిస్తున్నారని మాకు తెలుసు. ఇంటి మగవారు లేనప్పుడు గడప దాటి లోపలికి వెళ్ళి ఒక తల్లి కష్టం వినగలిగేది ఆ అమ్మాయే కదా!

"సేవకు జీతమేమిటి?" అని కొందరు పెద్దలు అడుగుతారు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. పేదలు, అగత్యపరుల వెంటనే వచ్చే వర్గం ఆమిలీన్, అంటే జకాత్‌ను వసూలుచేసి నిర్వహించే ఉద్యోగులు. నిర్వహణ ఒక పని అనీ, దానికి ప్రతిఫలం న్యాయమనీ మన ధర్మం ఆనాడే గుర్తించింది.

అయితే ఈ రంగంలో తొలి జీతాలు తక్కువ. ప్రభుత్వ పథకాలలో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టువి. ఇది దాచిపెట్టి మీ పిల్లలను పంపమనడం న్యాయం కాదు. ఇంజనీరింగ్‌తో పోల్చుకొని వచ్చేవారు నిరాశపడతారు.

ప్రవేశాల సంగతి. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలలో ఎం.ఎస్.డబ్ల్యూ. ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉపయోగపడుతుంది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఈ కోర్సు ఉంది, కాని ఉర్దూ చదివి ఉండాలి. తెలుగు మాధ్యమంలోనే చదివిన కోస్తా జిల్లాల పిల్లలు అక్కడ ఇబ్బంది పడతారు. ఢిల్లీలోని జామియా మిల్లియా, అలీగఢ్‌లలో ఈ శాఖలు పేరెన్నికగన్నవి. కేంద్ర సంస్థలలో మన బి.సి.-ఇ పత్రం చెల్లదు. కేంద్ర ఓ.బి.సి. జాబితాలో మీ వర్గం పేరుందో లేదో వేరుగా చూసుకోవాలి. లేనివారు ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడితే ఇ.డబ్ల్యు.ఎస్. పత్రం తీసుకోవచ్చు. పరిశోధనకు వెళ్ళే అల్పసంఖ్యాక విద్యార్థులకు ఆసరాగా నిలిచిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో కేంద్రం నిలిపివేసింది కనుక భారం మరింత మనమీద పడింది.

మస్జిద్ కమిటీలకు మా మనవి ఇది. ప్రతి కమిటీ తన పరిధిలోని ఒక్క విద్యార్థికి రెండేళ్ళ హాస్టలు ఖర్చు భరించాలి. అందుకు బదులుగా వేసవి సెలవులలో ఆ విద్యార్థి జమాత్‌లోని ప్రతి ఇంటికీ వెళ్ళి, ఎవరికి ఏ పత్రం లేదో, ఏ పేరులో తేడా ఉందో, ఎవరి పింఛను ఆగిందో ఒక రిజిస్టరులో వ్రాసి కమిటీకి అప్పగించాలి. ఆసక్తిగల విద్యార్థులు సభ ముగిసిన తరువాత డిగ్రీ మార్కుల పత్రాలు, కుల, ఆదాయ పత్రాలతో మమ్మల్ని కలవండి. మూడింటిలోనూ మీ పేరు ఒకే విధంగా ఉందో లేదో ముందు చూస్తాము.